క్లచ్ మీద కాలు

మొన్న మా మనవడు కొత్తగా కొన్న పాత కారులో నన్ను పిట్లం తీసుకుపోయాడు. కొత్తగా కొన్న పాత కారు అంటే వాడికి కోపం, కానీ ఉన్నమాటే కదా. ఊరు దాటామో లేదో కింద నుంచి సన్నగా కీచుమని మొదలైంది. "గేర్‌బాక్స్ పోయినట్టుంది తాతా" అన్నాడు మొహం వేలాడేసి. నేను వాడి ఎడమ కాలు చూశాను. "క్లచ్ మీదికెల్లి కాలు తియ్‌రా" అన్నాను. తీశాడు. కీచు ఆగింది. వాడు నన్ను దేవుణ్ని చూసినట్టు చూశాడు. నా గొప్పేమీ లేదు, అది ఇంకొకరు పెట్టిన భిక్ష. చెబితే వినే ఓపిక వాడికి లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. అప్పట్లో బాన్సువాడ చుట్టుపక్కల మోటారు కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి చెరకు తోటలున్న పటేల్‌ది, దాని డ్రైవర్ని నేను. మా ఇంట్లో అందరూ బీడీలు చుట్టేవాళ్లే. నేనొక్కణ్నే ఖాకీ చొక్కా వేసుకుని తిరిగేవాణ్ని, ఆ టెక్కు నాకు బాగానే ఉండేది. మా మామ నాకు పిల్లనిచ్చిందే మోటారు నడుపుతానని. పటేల్ నన్ను పెట్టుకున్నది మాత్రం నా బండి కుదుపదని. ఆయన వెనక సీట్లో పాన్ నములుతూ కూర్చునేవాడు. ఒక్క కుదుపు వచ్చి తెల్ల ధోవతి మీద ఎర్ర మరక పడిందా, నా ఏడు తరాలూ తిట్లు తినేవి. అందుకే నా ఎడమ కాలు క్లచ్ దిగేదే కాదు. సగం తొక్కి పట్టుకుని, బండిని నీళ్ల బిందెలా నడిపేవాణ్ని. అదే పెద్ద పనితనం అనుకునేవాణ్ని, పిచ్చివాణ్ని.

ఒకరోజు కారు కూయడం మొదలుపెట్టింది. నిజామాబాద్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. యుద్ధంలో సామాను ఎక్కడ దొరుకుతుంది? "అమ్మి పారేస్త, ఎడ్లబండే నయం" అన్నాడు పటేల్. కారు పోతే నా నౌకరీ పోయినట్టే. పెళ్లయి ఇంకా రెండు నెలలు కాలేదు.

బీర్కూర్ రోడ్డు మీద ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. ఇంజన్లు, లారీలు బాగుచేసేవాడు. ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"కూత ఎప్పుడొస్తది?" అన్నాడు.

"ఎప్పుడూ వస్తది చిచ్చా, బండి నడిచినంత సేపు."

"గట్ల ఉండది బేటా. ప్రతి కూతకు ఒక వేళ ఉంటది. మీ ఇంట్ల ఊదుగొట్టం ఉన్నదా?"

పొయ్యి ఊదుకునే ఇనుప గొట్టం అడిగితే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "నూనె గిట్ల అంటిందనుకో, నీ బువ్వ నువ్వే వండుకో" అని చేతిలో పెట్టింది.

కారును, గొట్టాన్ని తీసుకుపోతే మిస్త్రీ నన్ను గోనెపట్టా మీద కారు కిందికి దూరమన్నాడు. గొట్టం ఒక కొన గేర్‌బాక్స్ ముందు భాగానికి, ఇంకో కొన నా చెవికి. ఆయన సీట్లో కూర్చుని, గేరు వెయ్యకుండా ఇంజన్ పెట్టాడు. ఏ కూతా లేదు. "ఇప్పుడు?" అని అరుస్తూ క్లచ్ తొక్కాడు. చెవి చిల్లు పడేలా కూసింది. వదిలాడు, ఆగింది. మూడుసార్లు అట్లాగే చేశాడు. మూడోసారికి నాకు అర్థమైంది.

"గేర్‌బాక్స్ మంచిగనే ఉన్నది" అన్నాడు పక్కన గొంతుక్కూర్చుని. "పోయింది క్లచ్ బేరింగ్. క్లచ్ తొక్కితేనే దానికి పని. నువ్వు ఎప్పుడూ తొక్కే ఉంటవ్, గందుకే ఎప్పుడూ కూస్తది."

"పటేల్‌కు చెప్పకు చిచ్చా" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తుంది.

"నేను చెప్ప. నువ్వే చెప్తవ్" అన్నాడాయన.

తన పాత సామాన్ల డబ్బాలో వెతికి, ఒక లారీ నుంచి విప్పిన బేరింగ్ తీశాడు. రెండు రోజులు కష్టపడి దాన్ని అమర్చాడు. మూడోనాడు పటేల్ వచ్చాడు. మాడి నల్లబడ్డ పాత బేరింగ్‌ను చేతిలోకి తీసుకుని, "ఇదెట్ల పోయింది?" అన్నాడు. మిస్త్రీ నా వైపు చూశాడు.

"నేనే ఖరాబు చేసిన పటేలా. కుదుపు రావద్దని కాలు క్లచ్ మీదనే పెట్టి నడిపిన."

ఇగ అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు మిస్త్రీ నోరు విప్పాడు. "కుదుపొస్తే తిట్టిందెవరు, పటేల్ సాబ్?"

ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆ రోజుల్లో బతికినవాళ్లకే తెలుసు. పటేల్ పాన్ నమలడం ఆపాడు. బేరింగ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే నేను వెనక కూసోని తొక్కిన్నంటవ్!" అని పకపకా నవ్వాడు. తిరుగు దారిలో గేరు మార్చినప్పుడల్లా బండి ఎగిరింది. ఆయన ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో ధోవతి పట్టుకుని, "కానియ్, కానియ్" అన్నాడు.

ఆ నౌకరీతోనే ఇల్లు నిలబడింది, పిల్లలు పెరిగారు. ఏమిచ్చినా మిస్త్రీ రుణం తీరేది కాదు. ఆయన పోయి ఎన్నేళ్లయిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, కానీ కారెక్కి కూర్చుంటే చాలు, ఎవరు నడుపుతున్నా సరే, నా ఎడమ కాలు ఆయన నిన్ననే చెప్పినట్టు తనంతట తానే వెనక్కి జరుగుతుంది.