మీసాల తాత కేకులు

ఒక చిన్న ఓవెన్, నాలుగు కోన్లు, ఫోన్లో చూసిన వీడియోలు ఉంటే చాలు, ఎవరినైనా సంతోషపెట్టవచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోయి కడపలో మా ఇంట్లోనే ఉన్నాను. గోరింటాకు కోన్ పట్టడం అలవాటైన చెయ్యి కాబట్టి, చక్కెరపొడిలో గుడ్డు తెల్లసొన కలిపిన ఐసింగ్‌తో కుకీల మీద పూలూ తీగలూ తేలిగ్గానే వచ్చేవి. కేకును పొడిచేసి, క్రీముతో ఉండలు చుట్టి, పుల్లకు గుచ్చి, కరిగించిన చాక్లెట్‌లో ముంచే కేక్ పాప్స్ కూడా చేసేదాన్ని. (మా నాన్న వాటిని పుల్ల లడ్లు అనేవారు. తినేటప్పుడు మాత్రం పేరుతో పని లేకుండా తినేవారు.) మా వీధిలో రెండు పుట్టినరోజులకు చేసి ఇచ్చేసరికి నేను పెద్ద పనిమంతురాలిననుకున్నాను. ఈ పనిలో ముందుగా అడగాల్సిన ప్రశ్నలు కూడా ఉంటాయని నాకు తెలియదు.

అప్పుడే వేంపల్లె నుంచి ఒకామె ఫోన్ చేసింది. గొంతును బట్టి మా అమ్మకంటే పెద్దదని తోచి పెద్దమ్మా అన్నాను. "వచ్చే ఆదివారానికి మా నాయనకు ఎనభై నిండుతాయి పాపా. ఇంట్లోనే ప్రార్థన పెట్టుకుంటాండాము. మనవళ్లు, మనవరాళ్లు అందరూ వస్తాండారు. పిల్లోళ్లు ఇష్టపడేటట్టు ఏమన్నా చెయ్యి" అంది. తాత ఎలా ఉంటారని అడిగాను. "తెల్ల మీసాలు, గుండ్రటి అద్దాలు. నవ్వితే పండ్లన్నీ కనపడతాయి" అని చెప్పి, ముక్కు ఎగబీల్చింది. జలుబనుకున్నాను.

నలభై కేక్ పాప్స్ మీద నలభై తాత ముఖాలు వేశాను. అన్నీ పళ్లు కనబడేలా నవ్వుతున్నవే. అరచేయంత కుకీల మీద 'నూరేళ్లు ఉండు తాతా' అని మూడు వరసల్లో రాశాను. నూరేళ్లులోని లావొత్తు కింది వరసలోకి జారకుండా ఉండాలంటే ఊపిరి బిగబట్టాలి. అలా అరవై సార్లు బిగబట్టాను. ఆదివారం పొద్దున, ఎండకు చాక్లెట్ కరగకుండా ఐసు పెట్టిన థర్మాకోల్ పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వేంపల్లె బస్సెక్కాను.

ఇంటి ముందు షామియానా, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. పెద్దవాళ్లందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. (క్రైస్తవుల ఇళ్లలో పుట్టినరోజుకు తెల్లబట్టలు కడతారు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.) పెద్దమ్మ ఎదురొచ్చి, "వంటింట్లో పెట్టు పాపా, పాస్టరయ్య వచ్చేసినాడు" అని హడావుడిగా వెళ్లిపోయింది. హాల్లోంచి వంటింటికి నడుస్తుంటే తాత కనిపించారు. తెల్ల మీసాలు, గుండ్రటి అద్దాలు, పళ్లన్నీ కనపడే నవ్వు, అన్నీ నేను వేసినట్టే ఉన్నాయి. కాకపోతే ఫోటోలో ఉన్నారు. ఫోటోకు మల్లెపూల దండ, దాని కింద 'ప్రభువునందు నిద్రించిన మా నాయన జ్ఞాపకార్థం' అనే అక్షరాలు. ఆయన పోయి పదకొండు నెలలైందనీ, ఉండి ఉంటే ఈరోజుకు ఎనభై నిండేవనీ వంటింట్లో గ్లాసులు కడుగుతున్నామె చెప్పింది.

ఆమె బయటికి వెళ్లగానే పెట్టె తెరిచి, చెంచా తీసుకుని అక్షరాలు గీకడం మొదలుపెట్టాను. ఐసింగ్ రాయిలా బిగిసిపోయింది. మూడు కుకీలు విరిగాయి తప్ప ఒక్క అక్షరమూ ఊడిరాలేదు. బయట పాట మొదలైంది. నాకు కళ్లనీళ్లు మొదలయ్యాయి.

"ఏం గీకుతాండావు పాపా?"

మాత్ర వేసుకోవడానికి నీళ్ల కోసం వచ్చిన ముసలామె. తెల్లచీర, చేతిలో మాత్రల అట్ట. ఎవరని అడగకుండానే ఆ తాత భార్య అని అర్థమైంది. అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ తోచక జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె ఒక కుకీ చేతిలోకి తీసుకుని, "నాకు సదువు రాదు. ఏం రాసినావో సెప్పు" అంది. చెప్పాను.

అవ్వ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడిమింది. "నూరేండ్లా. ఇంకా ఇరవై ఏండ్లు నాతో చాకిరీ చేపిచ్చుకునేటోడు" అంది. తర్వాత కేక్ పాప్ ఒకటి తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "మీసం కుడిపక్క ఎక్కువ పెట్టినావు." ఆ మీసమైనా సరిచేద్దామని మళ్లీ చెంచా ఎత్తాను. అవ్వ నా చేతిలోంచి చెంచా తీసేసింది. "ఆస్పత్రిలో పదినాళ్లు ఉన్యాడు పాపా. వచ్చినోళ్లందరూ ఇంక కష్టమే అనిరి. నేను గూడా, బాధ పడొద్దు, పో అంటి. ఉండు అని ఒక్కరమూ అనలేదు. గీకొద్దు. అట్లనే తీసకరా."

ప్రార్థన అయ్యాక పళ్లేలు బయటికి తెచ్చాను. కుకీ మీద రాసింది చదివిన అవ్వ పెద్దకొడుకు ముఖం మారిపోయింది. "ఎవురు రాసినారు ఇది?" అని నావైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపే అవ్వ కుర్చీలోంచి, "నేనే రాయమన్యా" అంది.

"నీకు సదువే రాదు కదమ్మా."

"నేనెందుకు రాస్తా? రాసింది ఆ పాప. సెప్పింది నేను."

పాస్టరు గారి ఎదుట, చదవలేని బైబిలును ఒళ్లో పెట్టుకుని ఆమె అంత నిదానంగా అబద్ధమాడుతుంటే నేను తలవంచుకుని నిలబడ్డాను. పాస్టరు గారు ఒక కుకీ తీసుకుని, వాక్యం చదివినంత నెమ్మదిగా మూడు వరసలూ పైకి చదివి, కొరికారు. దాంతో మిగతావాళ్ల చేతులూ కదిలాయి. పెద్దమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తూనే తినేసింది. ఒక చిన్నపిల్ల కేక్ పాప్ పట్టుకుని, "అవ్వా, తాతను కొరకొచ్చా?" అని అడిగింది. "కొరుకు. ఏమీ అనడు" అంది అవ్వ.

తిరుగు బస్సులో ఖాళీ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బతికి బయటపడ్డానన్న సంతోషంలో, అవ్వకు ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశానని కడప చేరేదాకా గుర్తే రాలేదు.

ఇప్పుడు పెద్దవాళ్ల పుట్టినరోజని ఎవరు ఫోన్ చేసినా, "ఆయన ఉన్నారు కదండీ?" అని అడుగుతాను. మొన్న రాయచోటి నుంచి ఒకాయనకు కోపమొచ్చింది. "ఈడనే ఉండాడు, నువ్వే మాట్లాడు" అని ఫోన్ వాళ్ల నాయన చేతికిచ్చాడు. "ఉండానమ్మా. ఏం కావాల?" అన్నాడు ఆ పెద్దాయన. ఏం కావాలో చెప్పలేక, చక్కెర వెయ్యొచ్చా అని అడిగాను. "బాగా వెయ్యి. వీళ్లకు సెప్పొద్దు" అన్నాడు గొంతు తగ్గించి.

ఫోన్ పెట్టేశాక, ఆనాడు ఏమీ అడగకుండా అరవై కుకీల మీద 'ఉండు' అని రాసిన ఆ పిల్ల మీద, అంటే అప్పటి నా మీద, నాకు కాస్త అసూయే కలిగింది. ఇప్పుడు నా చేతిరాత ఎంతో బాగుంటుంది. ఎవరినైనా అలా ఉండమని అడిగే ధైర్యం మాత్రం మళ్లీ రాలేదు.