తుంగ దగ్గర చేతులు మారిన గెడ

నా చిన్నప్పుడు ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది. దగ్గడం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కొల్లేటి మీద మా పడవ పోతుంటే ఎదురుగా ఇంకో పడవ కనిపించగానే నేను రెండుసార్లు దగ్గాలి. ఆ దగ్గు వినగానే అమ్మ చేతిలోని గెడ నాన్న చేతికి వెళ్ళిపోయేది. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు పాల క్యాన్ల పక్కన కూర్చునేది. సుమారు నెల రోజులు ఒక్క పూట కూడా నాగా పెట్టకుండా చేశాను ఆ ఉద్యోగం. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

మాది కొల్లేటి మధ్యలో ఒక లంక ఊరు. ఊళ్ళో పాలన్నీ పోగుచేసి పొద్దున్నే పడవలో అవతలి గట్టుకి చేర్చడం మా నాన్న పని. పాల వ్యాను అక్కడికి వచ్చేది. నేను చదివే హైస్కూలు కూడా ఆ గట్టునే ఉండడంతో క్యాన్లతో పాటు నేనూ ఒక సరుకునే. గేదెలకి గడ్డి కోసుకురావడానికి అమ్మ కూడా వచ్చేది. కొల్లేటిలో లోతు తక్కువ, అడుగంతా బురద. పొడుగాటి వెదురు గెడని ఆ బురదలో గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి తోస్తేనే పడవ ముందుకి జారుతుంది. నిలబడి గెడ వేసేది మగవాడు, కూర్చునేది ఆడది. ఎక్కడా రాసి లేదు గానీ ఊళ్ళో ఎవరూ దాన్ని తప్పేవారు కాదు.

తప్పిన మనిషి ఒక్కరే, మా వెనక వీధి బాబాయి. ఆయనకి ఉబ్బసం. ఒకనాడు ఆయాసం ఎక్కువై గెడ వాళ్ళావిడకిచ్చి, తను కూర్చునే రేవులోకి వచ్చారు. సాయంత్రమైతే ఊరి మగవాళ్ళందరూ కొలువు తీరేది ఆ రేవులోని చప్టా మీదే. ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆయనకి 'మహారాణిగారి మొగుడు' అని పేరు పడిపోయింది. పాపం, తర్వాత రేవుకి వచ్చినా దూరంగా ఓ మూల కూర్చునేవారు. ఆ పేరు పెట్టిన రోజు అందరికంటే గట్టిగా నవ్వింది మా నాన్నే. పక్కన నిలబడి నేనూ నవ్వాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే, నిండు క్యాను పడవలోకి ఎత్తబోతూ నాన్న కాలు జారి రేవు మెట్ల మీద పడ్డారు. కుడి భుజం మీద దెబ్బ. ఏలూరు తీసుకెళ్తే డాక్టరుగారు చెయ్యి కదిపి చూసి మెడకి గుడ్డ కట్టు వేశారు. రెండు నెలలు గెడ ముట్టుకోవద్దన్నారు, మాట వినకపోతే ఆ చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవదన్నారు. అమ్మా నేనూ అక్కడే ఉండి విన్నాం. కానీ బస్సు దిగకముందే నాన్న ఆ కట్టు విప్పి అమ్మ సంచిలో కుక్కేశారు. ఇంటికొచ్చాక తాతయ్యతో, "ఏం లేదు నాన్నా, కాస్త బెణికిందంట. ఆయింట్‌మెంట్ రాసుకోమన్నారు" అన్నారు.

మా తాతయ్య, అంటే నాన్నకి నాన్న, ఒకప్పుడు కొల్లేటి మీద పేరున్న మనిషి. గాలివానలో ఒక్కడే పడవ నడిపి పదిమందిని ఒడ్డుకి చేర్చారని ఊరంతా చెప్పుకునేవారు. ఆయన ముందు నొప్పి అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. చిన్నప్పుడు కొడవలితో వేలు తెగినా ఏడవనందుకు తాతయ్య వీపు తట్టారని, నాన్న నేను పుట్టాక కూడా గొప్పగా చెప్పుకునేవారు.

అలా మొదలైంది మా నాటకం. రేవులో అందరూ చూస్తుండగా నాన్నే గెడ అందుకునేవారు. పళ్ళు బిగబట్టి ఓ వంద గజాలు తోసేవారు. అక్కడ మనిషెత్తు తుంగ దుబ్బులు అడ్డం వచ్చి రేవు కనబడకుండా పోయేది. ఆ చాటుకి రాగానే నాన్న కూలబడేవారు, అమ్మ లేచి గెడ పట్టేది. అమ్మ పుట్టిల్లూ లంకే, చిన్నప్పుడు అన్నల కళ్ళు కప్పి నేర్చుకుందట. అవతలి గట్టు దగ్గర పడగానే మళ్ళీ గెడ నాన్నకి. సాయంత్రం నా బడి వదిలాక తిరుగు ప్రయాణంలోనూ ఇంతే. మధ్యలో పడవలేవైనా వస్తే చూసుకోవడానికి నేనూ, నా దగ్గూ ఉన్నాం.

రోజూ ఆ కాసేపు తోయడమే నాన్న చేతిని తినేసింది. వారం తిరిగేసరికి చొక్కా బొత్తాలు అమ్మే పెట్టాల్సి వచ్చింది. అమ్మ అరచేతులు బొబ్బలెక్కి, చితికి, మళ్ళీ బొబ్బలెక్కాయి. ఎవరైనా అడిగితే పెనం అంటుకుందనేది. ఒకరోజు ఉండబట్టలేక, రేవు దాకా నువ్వే తోసుకెళ్ళొచ్చు కదా అని అమ్మనడిగాను. "మీ నాన్న పదిమందిలో తల దించుకుంటే నేను చూడలేనే" అంది. నిజం చెప్పాలంటే నాకూ చూడాలని లేదు. నాన్న చెయ్యి పోతుందన్న భయం కంటే, మా బడిలో తెలిసిపోతుందేమోనన్న భయమే నాకు ఎక్కువగా ఉండేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఒక సెలవు రోజు పొద్దున్నే తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని రేవుకి వచ్చారు. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఏలూరులో చూపించుకుంటాను, నేనూ పడవెక్కుతానన్నారు. నాన్న మొహంలో నెత్తుటి చుక్క లేదు. అమ్మ నా వంక చూసింది. పడవలోనే కూర్చున్న మనిషికి దగ్గు ఏం పనికొస్తుంది?

పడవ కదిలింది. తుంగ దుబ్బులు వచ్చాయి, వెనక్కి పోయాయి. నాన్న కూర్చోలేదు. పెదవి కొరుక్కుంటూ తోస్తూనే ఉన్నారు. చల్లటి పొద్దులో ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. తాతయ్య ఆయన్నే చూస్తూ కూర్చున్నారు. నడిమధ్యకి వచ్చేసరికి గెడ బురదలో లోతుగా దిగబడిపోయింది. దాన్ని పైకి లాగబోయి నాన్న ఒక్క కేక పెట్టారు. పడవ ఓ పక్కకి ఒరిగింది. అమ్మ ఒక్క ఉదుటున లేచి, ఒక చేత్తో నాన్నని కూర్చోబెట్టి, రెండో చేత్తో గెడ జారిపోకుండా పట్టుకుంది. నేను ఏడుపు లంకించుకున్నాను.

తాతయ్య తిడతారనుకున్నాను. ఆయన లేచి వచ్చి నాన్న పక్కన కూర్చుని, కండువాతో ఆయన మొహం తుడిచారు. "నాతో చెబుతావేమోనని ఇంతసేపూ చూశానురా. ఎలా చెబుతావులే. గెడ పట్టడం నేర్పింది నేనే, నొప్పి మింగడం నేర్పిందీ నేనే కదా" అన్నారు. అప్పుడు నాన్న ఏడ్చారు. నా జన్మలో మొదటిసారి చూశాను ఆయన ఏడవడం. తాతయ్య ఊరుకోమనలేదు.

అసలు ఆయనకి ముందే తెలుసట. మజ్జిగ గ్లాసు అందుకునేటప్పుడు కోడలి అరచేతులు చూశారట. "పెనం తగిలితే వేళ్ళు కాలతాయమ్మాయ్. గెడ పడితేనే అక్కడ బొబ్బలెక్కుతాయి" అన్నారు. మసకలు కమ్మిన కళ్ళకి అవి ఎలా కనిపించాయో నేను అడగలేదు. ఏలూరులో నేరుగా నాన్నని ఆ డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళి, మళ్ళీ కట్టు వేయించి, తన కళ్ళ ఊసే ఎత్తకుండా తిరిగి బయల్దేరదీశారు.

సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మే గెడ వేసింది. తాతయ్య దారి పొడుగునా ఎక్కడో దూరాన దిగే గూడబాతులని కూడా లెక్కపెట్టి నాకు చూపిస్తూ హుషారుగా ఉన్నారు. తుంగ దగ్గర పడింది. అమ్మ చేతులు అలవాటు కొద్దీ ఆగాయి. గెడ నాన్న వైపు చాచింది. నాన్న ఎడం చెయ్యి ఆనించి లేవబోయారు. సరిగ్గా అప్పుడే తాతయ్య తల పట్టుకుని, "ఒరేయ్, కళ్ళు తిరుగుతున్నాయిరా. పడిపోయేలా ఉన్నాను. కదలకుండా నన్ను పట్టుకో" అన్నారు. నాన్న మంచి చెయ్యి తండ్రి నడుం చుట్టూ చిక్కుకుపోయింది. ఇక గెడ అందుకునే చెయ్యేదీ మిగల్లేదు. తాతయ్య నాకు మాత్రమే కనబడేలా కన్ను గీటారు. అమ్మ ఒక్క క్షణం తటపటాయించి, గెడ మళ్ళీ బురదలోకి దించింది.

రేవులో అందరూ ఉన్నారు. ఒకాయన నవ్వుతూ, "ఏంటండీ పెద్దాయనా, మీ ఇంట్లోనూ మహారాణీ రాజ్యమేనా?" అన్నారు. నాన్న తల వంగిపోయింది. తాతయ్య కళ్ళు తిరగడం ఆ మాటతో ఠక్కున ఆగిపోయింది.

"మా కోడలు తోలుకొచ్చిందండీ. నెల నుంచీ అదే తోలుతోంది. వీడి భుజం పోయింది, మీరు నవ్వుతారని చెప్పలేదు" అన్నారు. తర్వాత గొంతు తగ్గింది. "మా ఇంట్లో ఇది కొత్త కాదు లెండి. నేను చలిజ్వరాలతో తీసుకున్న ఏడాది మా ఆవిడే తోలింది. ఆ తుంగ దాకా తోలి గెడ నా చేతికిచ్చేది. మీరు గొప్పగా చెప్పుకునే ఆ గాలివాన రోజు కూడా అంతేనండీ, పడవ నడిపింది అది. రేవులో నిలబడింది నేను. ఎవరికీ చెప్పబోమని పడవలోని ఆ పదిమంది చేతా ఒట్టు వేయించింది కూడా అదే. అది పోయే దాకా ఒక్కడితోనూ ఆ మాట చెప్పలేకపోయాను." మా నాయనమ్మని నేను ఎరగను. ఆవిడ అరచేతులు ఎలా ఉండేవో ఆ రోజు తెలిసింది.

ఎవరూ నవ్వలేదు. మూలన కూర్చున్న వెనక వీధి బాబాయి లేచి వచ్చి, పడవ తాడు అందుకుని గుంజకి కట్టారు. నాన్న ఆయన వంక చూసి, "నన్ను క్షమించు తమ్ముడూ" అన్నారు. అమ్మ గెడ నేలకి ఆనించి రేవు మెట్ల మీద కాసేపు అలాగే నిలబడింది. ఆ మెట్ల మీద అమ్మ గెడతో నిలబడగా చూడడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు నెలలూ అమ్మే నడిపింది, పట్టపగలు, రేవు నుంచి గట్టు దాకా. ఎండాకాలం వచ్చేసరికి నాకూ నేర్పింది. నాన్న చెయ్యి మాత్రం పూర్తిగా బాగుపడలేదు. చివరి దాకా ఆయన ఆ చేత్తో తల దువ్వుకోలేకపోయేవారు. పాడు చేసింది రేవు మెట్ల మీద పడిన దెబ్బ కాదు, ఆ తర్వాత ఆ నెల రోజులు పరువు కోసం వేసిన గెడ. నా వంతుగా నేను దగ్గిన దగ్గులు కూడా అందులో ఉన్నాయి.

ఇప్పుడు మేం తాడేపల్లిగూడెంలో ఉంటున్నాం. నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారికి మోకాళ్ళు అరిగిపోయాయి. మొన్న స్టేషన్లో రైలు దిగాక వంతెన మెట్ల ముందు ఆయన ఆగిపోయారు. చేతిలో బరువైన సంచి, నుదుటి మీద చెమట. "ఏవండీ, అది ఇటివ్వండి" అన్నాను. "ఫర్లేదులే, నేను తెస్తాను" అన్నారు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయన సంచి ఇవ్వబోతూ, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారేమోనని ఇటూ అటూ చూశారు. ఉన్నారు. మా వీధిలో మాస్టారు మా వైపే వస్తున్నారు, ఆయన్ని నేను ముందే చూశాను.

దగ్గలేదు.