ఎనిఫా వెంట వెళ్ళిన మనిషి

సగం దారిలో మినీబస్సు ఆగిపోయింది. మలావీలో అదేమంత విశేషం కాదు. డ్రైవరు ఇంజను మూత ఎత్తగానే జనం దిగి నీడకు చేరతారు, కాసేపట్లో ఒకరికొకరు ఎక్కడో ఒకచోట చుట్టాలుగా తేలతారు. ఎండుచేపల గంపతో బజారుకు బయల్దేరిన ఫాలెస్‌ను మాత్రం పక్కనున్న సన్నటి ఆడమనిషి, ఎనిఫా, చుట్టరికం ఏమీ కలపకుండానే అడిగింది.

"అక్కా, ఈ ఒక్కపూట ఆసుపత్రికి నా వెంట తోడొస్తావా?"

అక్కడ ఒంటరిగా ఆసుపత్రికి ఎవరూ పోరు. గంజి కాచడానికి, బట్టలు ఉతకడానికి, డాక్టరు మాట వినడానికి ఒక మనిషి వెంట ఉండాలి. హెచ్ఐవి మాత్రలైతే తోడు లేనిదే మొదలే పెట్టరు. ఎనిఫాను అప్పటికి రెండుసార్లు వెనక్కి పంపారు.

"నీవాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు. నా తలలో గొంతులు మొదలయ్యాక ఇల్లు మారిపోయారు. ఎక్కడికో నాకు చెప్పలేదు."

ఎనిఫా ఒకప్పుడు పొగాకు గోదాములో ఆకులు ఏరే మనిషి. ఆకు రంగు చూసి రకం చెప్పడంలో ఆమెను మించినవాళ్ళు లేరనేవారు. గొంతులు మొదలయ్యాక మూడేళ్ళు బజార్ల వెంట తిరిగింది. ఆ తర్వాత పిచ్చాసుపత్రి. పదకొండేళ్ళుగా మందులు మింగుతూ, గది అద్దెకు తీసుకుని, పిండివంటలు అమ్ముకుని బతుకుతోంది. ఇన్నేళ్ళలో ఆమె రక్తం ఎవరూ పరీక్షించలేదు. పోయిన నెల దగ్గు తగ్గకపోతే అప్పుడు చూశారు, హెచ్ఐవి ఉందని తేలింది.

"పిచ్చిదాని దగ్గరికి ఎవడు పోతాడులే అనుకున్నారక్కా" అంది ఎనిఫా. "వచ్చేవాళ్ళు వచ్చారు."

ఫాలెస్ గంపను కాస్త ఇటు జరుపుకుంది. భయమే. "ఇప్పుడు వినబడుతున్నాయా ఆ గొంతులు?"

"ఇప్పుడా? డ్రైవరు తిట్లు వినబడుతున్నాయి."

ఫాలెస్‌కు నవ్వొచ్చింది. నవ్వాక ఇక కాదనలేకపోయింది.

ఆసుపత్రికి చేరాక, మాత్రలిచ్చే గదిలో ఉద్యోగి ఫాలెస్‌నే చూస్తూ మాట్లాడాడు. "ఈమె నిద్రపోతుందామ్మా? మాత్రలు పారేస్తుందా? తలకు ఏం మందులు వాడుతోంది?"

ఎనిఫా మందుల పేర్లు చెప్పబోయింది.

"నిన్ను కాదు" అన్నాడతను, తల తిప్పకుండా. "చెప్పండమ్మా."

ఫాలెస్ నోటికొచ్చిన పేరేదో చెబితే పని అయిపోయేది. కానీ ఆ మందూ ఈ మందూ పడకపోతే? నిజం చెబితే మూడోసారీ వెనక్కే. పక్కన ఎనిఫా బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నాకేం తెలుసు బాబూ. పొద్దున బస్సు చెడిపోతే పరిచయమయ్యాం. తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని తెలియనిదాన్ని అడుగుతావేంటి?"

అతను కలం కింద పెట్టాడు. ఎనిఫా వైపు తిరిగాడు. ఆమె ఏ మాత్ర ఏ వేళకో, ఏ సూదికి చేతులు వణికాయో చెప్పింది. పదకొండేళ్ళలో మందు తప్పింది రెండుసార్లట. ఒకసారి వరదకు. "ఇంకోసారి మీ దగ్గరే లేవన్నారు."

అతను అన్నీ రాసుకున్నాడు. "తోడు మనిషి లేకుండా ఇవ్వకూడదు, నియమం."

"ఇక్కడిదాకా వచ్చింది ఎవరు మరి? రాసుకో నా పేరు."

"ఏమవుతారు మీరు?"

"ఒకే బస్సువాళ్ళం."

ఏం రాశాడో తెలియదు. మాత్రల డబ్బా ఫాలెస్ వైపు చాచాడు. ఆమె చేతులు ఒళ్ళోంచి తీయలేదు. డబ్బా నెమ్మదిగా ఎనిఫా వైపు మళ్ళింది.

ఎనిఫా దాన్ని కొంగున ముడివేసి లేచింది. వరసలో నిలబడ్డవాళ్ళను దాటుకుని బయటికి నడిచింది. గేటు దగ్గరైనా వెనక్కి చూస్తుందేమోనని ఫాలెస్ మెడ చాచింది. ఎనిఫా చూడలేదు; అడిగిన ఒక్కపూట తోడు అయిపోయిందన్నట్టు రోడ్డెక్కి, వచ్చిన దారినే నడక అందుకుంది.