మామ మైకు సెట్టుకు నేను బిగించిన మూత

ఆ రోజుల్లో నాకు కుదురు అనేది ఉండేది కాదు. ఇప్పుడంటే మోకాళ్ళు మొరాయించి తప్పనిసరై కూర్చుంటున్నాను గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో, గోదావరిఖనిలో బొగ్గుబాయి ఎలక్ట్రీషియన్‌గా కొత్తగా చేరినప్పుడు, నా కాలు ఒకచోట నిలిచిన జ్ఞాపకం లేదు. ఏ వస్తువు కనబడినా దాని కడుపులో ఏముందో చూడాలి. చూశాక మళ్ళీ మూసేంత ఓపిక మాత్రం ఉండేది కాదు, ఎందుకంటే అప్పటికే ఇంకో వస్తువు కనబడేది. మా క్వార్టర్లో గోడ గడియారానికి వెనక రేకు లేదు, టేబుల్ ఫ్యానుకు జాలీ లేదు, రేడియోకు అసలు ఒళ్ళే లేదు. మా మేనమామ నాకు 'విప్పుడుగాడు' అని పేరు పెట్టాడు. కాలనీ అంతా అలాగే పిలిచేది. (జీతాల వరుసలో ఒకసారి నా అసలు పేరు పిలిస్తే నేనే పలకలేదు.)

మామది బాయి లోపల బొగ్గు నింపే పని. డ్యూటీ దిగాక మాత్రం ఆయన వేరే మనిషి. కాలనీలో ఏ పెళ్ళి జరిగినా మామ మైకు సెట్టు ఉండాల్సిందే. 'హలో, మైక్ టెస్టింగ్' అని మొదలుపెట్టి, తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు నుంచి రెండో బంతి భోజనాల దాకా అన్నీ ఆయన నోటి మీదుగానే జరిగేవి. ఆ సెట్టు పాతకాలపు వాల్వులది. స్విచ్ వేయగానే పలకదు. లోపలి గాజు బుడ్లు మెల్లగా ఎర్రబడి, వేడెక్కి, పెద్దమనిషిలా గొంతు సవరించుకొని అప్పుడు మాట్లాడుతుంది. నల్లటి పెద్ద డబ్బాలతో గుండెలదిరే కొత్త సెట్లు వచ్చాక దాన్ని పిలిచేవాళ్ళు కరువై, అది మామ క్వార్టర్లో సజ్జ ఎక్కింది.

మామ రిటైర్మెంటు ఇంకో నెల ఉందనగా షామియానా, మైకు ఎవరివి చెప్పాలనే మాట వచ్చింది. "కిరాయి సెట్టు వద్దురా" అన్నాడు మామ. "ముప్పై ఏండ్లు మంది ముచ్చట్లే చెప్పిన మైకుల. నా ముచ్చట ఒక్కనాడన్న చెప్పుకున్ననా? ఆ దినం చెప్పుకుంట. గీ డబ్బల్నే చెప్పుకుంట." అప్పటికే రెండు కాగితాలు రాసుకొని జేబులో పెట్టుకున్నాడని అత్త చెప్పింది. నేను వెంటనే లేచి నిలబడ్డాను. (కూర్చున్నది ఎప్పుడని అడగకండి.) "మామా, అది నేను బాగుచేసిస్త" అన్నాను. అత్త పప్పు ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "వీనికి విప్పుడే గాని మూసుడు తెల్వది. నీ డబ్బ ఇగ చాటల పోసుకోవాలె" అంది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. సెట్టు విప్పితే లోపల బల్లి గుడ్లు, సాలెగూళ్ళు, వాటి మీద వేలు మందాన బొగ్గు దుమ్ము. కండెన్సర్లు ఎండిపోయాయి, ఒక పెద్ద వాల్వు లోపల తీగ తెగింది. కండెన్సర్లు మా ఊళ్ళోనే దొరికాయి. వాల్వు కోసం నస్పూర్ తిరిగాను, రామకృష్ణాపూర్ తిరిగాను. పేరు చెబితేనే కొట్లలో కుర్రాళ్ళు నవ్వారు. చివరికి బెల్లంపల్లిలో ఒక రేడియో తాత ఉన్నాడని తెలిసింది. బాయిలు మూతపడి బజారు సగం ఖాళీ అయినా ఆయన కొట్టు మాత్రం తెరిచే ఉంది. తాత ఇనుప పెట్టెలోంచి, దూదిలో చుట్టిన వాల్వును చంటిపిల్లను తీసినట్టు తీశాడు. నేను దాన్ని సంచిలో పెట్టుకొని అప్పటికే గడప దాటాను.

"కూసో బిడ్డా, ఇంకొక్క ముచ్చట. గీ వాల్వులున్నయి చూసినవా, వీటికి..."

"నాకెరుకే తాతా, బండి పోతది" అన్నాను. (బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఆ గంటన్నరా ప్లాట్‌ఫారం మీద ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూనే ఉన్నాను.)

నెలాఖరుకు వారం ముందు సెట్టు పలికింది. వాల్వులు ఎర్రబడుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. అత్త మైకు పట్టుకొని "హలో" అని, తన గొంతు తనే విని సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంటనే తేరుకొని, "ఇగ మూత పెట్టు చూత్తం" అంది.

మూత. జీవితంలో మొదటిసారి ఒకటి మూసి చూపించాలనుకున్నాను. మూయడం నాకు నేర్పింది బాయి. లోపల గ్యాసు ఉంటుంది గనుక అక్కడ కరెంటు పెట్టె ఏదైనా ఇంత సందు లేకుండా బోల్టులు బిగించాలి. మా ఫోర్‌మన్ వెంట్రుకంత సన్నటి ఇనుప రేకు తెచ్చి మూత అంచున దూర్చి చూసేవాడు. అది దూరిందంటే షిఫ్టంతా తిట్లే. మామ సెట్టు మూతకేమో పైనా పక్కలా వరసగా బెజ్జాలు. ఇంత దుమ్మూ బల్లులూ అందులోంచేగా వచ్చాయి, చేసినవాడికి బుద్ధి లేదనుకున్నాను. లోపలి నుంచి రేకు వేశాను, బెజ్జాలన్నీ లప్పంతో పూడ్చాను, అంచుకు సైకిల్ ట్యూబు కోసి పెట్టి, నాలుగు మరలున్నచోట పన్నెండు బిగించి, మెరిసే రంగు వేశాను. ఫోర్‌మన్ రేకు తెచ్చి నేనే చుట్టూ దూర్చి చూసుకున్నాను. ఎక్కడా దూరలేదు. అత్త వచ్చి మరలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టింది.

రిటైర్మెంటు రోజు మొదటి షిఫ్టు దిగాక మామను దండలతో ముంచి, డప్పులతో బాయి గేటు నుంచి ఊరేగించి తెచ్చారు. షామియానాలో సెట్టును చూసి మామ దాని నెత్తి మీద చెయ్యేశాడు. "ఏందిరా, గింత గట్టిగ మూసినవ్" అని ఏదో అనబోయేలోపు ఆయన్ను కుర్చీలోకి లాక్కుపోయారు. ఆఫీసరు మాట్లాడాడు, సెట్టు గంటలా మోగింది. యూనియన్ నాయకుడు అందుకొని, ముప్పావుగంట తన గురించే మాట్లాడాడు. ఆ ముప్పావుగంటలో గొంతు మెల్లగా ముద్దగా మారింది. ముందువరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చి, "సైకిల్ ట్యూబు కాలుతున్నట్టున్నది" అన్నారు. మామ లేచి, కాగితాలు విప్పి, "హలో" అన్నాడు. సెట్టు ఒక్కసారి గరగరమని మూగబోయింది.

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. (మా ఊరి కింద ఎలాగూ తవ్వే ఉంది.) మామ మెడలో దండలతోనే వచ్చి, చొక్కా అంచుతో మూత ముట్టుకొని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "స్క్రూడ్రైవరు ఇయ్యిరా" అన్నాడు. పన్నెండు మరలు విప్పడానికి చాలాసేపు పట్టింది. మూత లేవగానే పొయ్యి మీది గిన్నెలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది. "దానికి ఊపిరాడాలె అల్లుడా. ఇది బాయిల పెట్టె కాదు" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఇటు సెట్టు చల్లారే వరకు జనం ఆగుతారా? వంటలయ్యాయని ఎవరో కేకేశారు, కుర్చీలన్నీ భోజనాల వైపు తిరిగాయి.

సెట్టు చల్లారాక మామ తీగ పోగుతో కాలిన ఫ్యూజు కట్టి స్విచ్ వేసి, వాల్వులు ఎర్రబడే దాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత మైకు అందుకున్నాడు. "హలో. అందరు నిమ్మలంగ తినుండ్రి. కూర గావాలంటె అడుగుండ్రి." అలవాటు అలా తన్నుకొచ్చింది. ఆగి, చేతిలో కాగితాలు చూసుకొని, మడిచి జేబులో పెట్టేశాడు.

"మస్తు రాసుకొచ్చిన. అయ్యన్ని మీకెరుకైనయే. ఒక్కటి చెప్త. మొదటి షిఫ్టంటె నేను ఐదింటికి లేస్త. మా ఇంటామె నాలుగింటికే లేస్తది. ఇయ్యాల నాకు దండలేసిండ్రు, ఆమెకెవ్వరు ఎయ్యలే. ఆమె ఇంక తినలే. జర ఆ బంతిల జాగ ఇయ్యుండ్రి, ఇయ్యాల నేను వడ్డిస్త."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరివీ ఎంగిలి చేతులు. అత్త వంటపాత్రల వెనక నుంచి రానంటే రానంది, ఆడవాళ్ళు లాక్కొచ్చి కూర్చోబెట్టారు. మామ తన మెడలోని దండ ఒకటి తీసి ఆమె మెడలో వేసి, అన్నం వడ్డించాడు. సెట్టు పక్కన నిలబడి నేను ఏడ్చాను. మూత సరిగ్గా పెట్టి ఉంటే మామ ఆ రెండు కాగితాలు చదివేవాడు, అందరూ చప్పట్లు కొట్టి మరిచిపోయేవాళ్ళు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తప్పు చేసినవాడికి ఆమాత్రం సాకు కావాలి.

ఆ సెట్టు ఇప్పుడు నా దగ్గరే ఉంది, మూత లేకుండా. "అన్నీ విప్పి పెడ్తవ్, దీనికన్న మూత పెట్టరాదా" అని మా ఇంటామె అంటూనే ఉంటుంది. ఆదివారాలు స్విచ్ వేసి, వాల్వులు ఎర్రబడే దాకా దాని ముందు కదలకుండా కూర్చుంటాను. అప్పుడు బెల్లంపల్లి కొట్టు గడప దాటుతున్న ఆ కుర్రాడు కనబడతాడు. కూర్చోరా, తాత చెప్పేది పూర్తిగా విను అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. వాడికి బండి పోతుంది.