హాలియా డబ్బాకు నాలుగు తొమ్మిదులు

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇద్దరు వీరులు, ఒకే కిరీటం, మధ్యలో అతలాకుతలమైన జిల్లా. ఇలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇది చెప్పుల పెట్టెలంత ఉన్న రెండు ఇనుప డబ్బాల గొడవ. ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, ఊళ్లకు ఇంటర్నెట్ లైన్లు లాగే ఒక చిన్న కంపెనీలో నాకు మూడు నెలల ట్రయల్ ఉద్యోగం. (మా బాపు అప్పటికే ఊరంతా "ఇంజనీరు" అని చెప్పేశాడు. కంపెనీకి ఇంకా ఆ సంగతి తెలియదు.) ఆఖరి రోజున నేను హాలియాలో, నాలాంటి ట్రయల్ గాడే అయిన బావ మోత్కూర్‌లో, చెరో రౌటర్ డబ్బా బిగించాలి. చుట్టరికం ఏమీ లేదు, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని బావా బావా అనుకునేవాళ్లం. ఆరింటికల్లా లైన్లు నడిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి బస్సు ఖాయం అని నల్లగొండలో కూర్చున్న మా సారు ముందే చెప్పాడు.

ఆ డబ్బాలు మాట్లాడుకునే పద్ధతి పేరు ఐఎస్-ఐఎస్. ఎన్ని వైర్లు తగిలించినా డబ్బాకు అడ్రస్ ఒక్కటే. ముందు భాగం అది ఏ ఏరియాదో చెబుతుంది, తర్వాతి పన్నెండంకెలు అది ఎవరో చెబుతాయి. ప్రతి డబ్బా తన నంబరు చెప్పి "నా పక్కన ఫలానా వాళ్లున్నారు" అని అందరికీ చాటుతుంది. ఆ చాటింపులన్నీ కలిపి ఎవరికి వారు ఒక పటం గీసుకుని దారులు చూసుకుంటారు. "నంబరు మీ ఇష్టం. గని ఒకలది ఒకలకు కలవొద్దు. పెట్టినంక నాకు చెప్పుండ్రి" అన్నాడు సారు.

ఇష్టం అన్నాక ఊరుకుంటామా? కూడితే తొమ్మిది వచ్చే నంబరు దొరికేదాకా బండి కొనని బాపుకు కొడుకుని నేను. ఎనిమిది సున్నాలు, వెనక నాలుగు తొమ్మిదులు కొట్టాను. డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. (దూరంగానే. నీళ్లు పడితే ఏమవుతుందో ఇంజనీర్లకు తెలుసు.) సారుకు మాత్రం చెప్పలేదు. ఉద్యోగం ఖాయం కాకముందే చెబితే దిష్టి తగలదూ!

నాలుగింటికి సారు ఫోను. "అరేయ్, హాలియా వస్తే మోత్కూర్ పోతాంది, మోత్కూర్ వస్తే హాలియా పోతాంది. ఏం నంబరు పెట్టినవ్‌రా?"

గొంతు తగ్గించి చెప్పాను. సారు వెంటనే బావను కూడా ఫోన్లో కలిపాడు.

"నీదేం నంబరు?"

"చెప్పొద్దనుకున్న సార్... నాలుగు తొమ్మిదులు."

అదీ సంగతి. తన నంబరుతో తాను చేయని చాటింపు వినగానే హాలియా డబ్బా "అది చెల్లదు, ఇదే తాజాది" అని పెద్ద వరుస సంఖ్య వేసి మళ్లీ చాటుతోంది. మోత్కూర్ డబ్బాదీ అదే పట్టుదల. మధ్యలో సారు దగ్గరున్న నల్లగొండ డబ్బా, పాపం, పటం చెరుపుతూ గీస్తూ కూర్చుంది.

"ఎవలో ఒకలు మార్చుండ్రి."

"బావనే మార్చమనుండ్రి సార్. నేను పొద్దుగాలనే పెట్టిన."

"నేను కొబ్బరికాయ గూడ కొట్టిన సార్!" అన్నాను.

"నేను కొట్టలేదా?"

"ఇద్దర్నీ బస్సెక్కిస్త" అని సారు ఫోను పెట్టేశాడు.

అప్పుడు నాలో త్యాగం పొంగింది. జిల్లా కోసం మూడు తొమ్మిదులు వదిలేశాను. (నాలుగోది వదిలే ధైర్యం రాలేదు.) రెండు నిమిషాలు ప్రశాంతం. మళ్లీ మొదలు. ఈసారి బావే ఫోను చేశాడు.

"బావా, నీ కోసమే మార్చిన. మళ్ల గిట్లెందుకైతాంది?"

"నేను గూడ మార్చిన. నువ్వేం పెట్టినవే?"

"ఒక్కటే తొమ్మిది."

ఈ సంగతి చెబితే సారు తిట్టలేదు. అలసిపోయిన గొంతుతో, "హాలియా నలభై ఒకటి. మోత్కూర్ నలభై రెండు. కొబ్బరికాయలు బంద్" అన్నాడు. ఆరుకు అయిదు నిమిషాలుండగా రెండు లైన్లూ నిలబడ్డాయి. ఉద్యోగాలూ ఖాయమయ్యాయి. "మళ్ల కొత్తోళ్లకు ఇదంతా చెప్పే ఓపిక నాకు లేదు" అన్నది సారు ఇచ్చిన ప్రశంస.

ఇప్పటికీ హాలియా వెళ్తే ఆ డబ్బా మీద కుంకుమ మరక కనిపిస్తుంది. నేర్చుకున్న చదువును కాకుండా తొమ్మిదిని నమ్ముకున్న ఆ పిల్లవాడి మీద కోపం రాదు, నవ్వొస్తుంది. నలభై ఒకటిలో అంకెలు కూడితే అయిదు. కరెంటు పోయినప్పుడు తప్ప లైన్ ఆగదు.