పోయినవాళ్ళ వరుసలో మా పేర్లు

తమిళనాడు సరిహద్దులో జవళగిరి దగ్గర మా ఊరివాళ్ళం పోయినవాళ్ళను పూడ్చిపెడతాం, కాల్చం. వాళ్ళను పూడ్చే నేలకు వెళ్ళే దారికి, పక్కన కొత్తగా లేఅవుటు వేసినవాడు ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అది శ్మశానమని ఏ రికార్డులోనూ లేదన్నాడు. రికార్డు లేకపోతే మా అమ్మ అక్కడ లేనట్టా? ఆ కోపంతోనే అర్జీ రాయడానికి కూర్చున్నాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. తెలుగు చదవడం సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నాను, తమిళం బస్సు బోర్డులు చూసి. కంప్యూటరు ముసలితనంలో పట్టుబడింది. అక్కడ ఎవరెవరిని పూడ్చామో అర్జీతో పాటు జాబితా పెట్టాలి. మాలో పోయినవాళ్ళ పేరు ఒంటరిగా రాయరు. బతికున్న ఇంటిపెద్ద పేరు పైన రాసి, దాని కింద కాస్త లోపలికి ఆ ఇంట్లో పోయినవాళ్ళను రాస్తారు. నేనూ అలాగే టైపు చేశాను. లోపలికి జరపడానికి స్పేస్ బార్ కొడుతూ పోయాను. మా ఇంటి కంప్యూటరులో చక్కగానే కనిపించింది.

హోసూరు జిరాక్స్ అంగడిలో దాన్ని పీడీఎఫ్ చేయించి, అచ్చు తీయించి, విప్పి చూడకుండానే సంచిలో పెట్టుకున్నాను. పక్కింటి ముసలాయనను వెంటబెట్టుకుని కృష్ణగిరి బస్సెక్కాను.

కలెక్టరు ఆఫీసులో గుమస్తా కాగితం చూసి తలెత్తాడు.

“ఏమప్పా, ఈడ పూడ్చినోళ్ళలో మొదటి పేరు ఎవురిది?”

చూస్తే పక్కింటాయనది. ఇంటిపెద్దలూ పోయినవాళ్ళూ అందరూ ఒకే గీతలో నిలబడి ఉన్నారు. అందరికీ వరసగా నంబర్లు. నా పేరు కూడా మా అమ్మకు ముందే ఉంది.

“నాదే సామీ,” అని నవ్వాడు పక్కింటాయన. “సచ్చినోనికి టిక్కెట్టు ఎందుకు కొట్టినాడో ఆ కండక్టరు!”

“నగొద్దప్పా. ఇట్లిస్తే పైన ఒప్పుకోరు. సరి చేసుకోని వచ్చే సోమవారం రాండి.”

నాకు ఒళ్ళు మండింది. “మనిషి ఎదురుగా నిలబడుకోనుండాడు. కాగితమే నిజమా?”

“కాగితం రాసింది నువ్వే గదప్పా!”

ఆ కోపమంతా తీసుకెళ్ళి హోసూరులో అంగడి ఆవిడ మీద కక్కాను. ఆమె నా ఫైలు తెరిచి చూసింది.

“స్పేస్ కొట్టి తోసినావు గదప్పా, పీడీఎఫ్ చేస్తే ఆ ఖాళీలు నిలబడవు, అందరికీ ఒకే వరస నంబర్లు పడతాయి. ఇది లిస్టులో కింది మెట్టు అని కంప్యూటరుకు చెప్పల్ల.”

“మా ఇంట్లో నిలబడిందే?”

“పీడీఎఫ్ అయినాక ఒకతూరి తెరిచి చూసింటే తెలిసుండును. జనం ఎక్కువుండిరి, నేనూ చూడలేదు.”

ఖాళీలన్నీ చెరిపేసి, పోయినవాళ్ళ పేర్లు పట్టి ట్యాబ్ నొక్కింది. వాళ్ళు ఇంటింటి కిందా లోపలికి జరిగారు. ఇళ్ళకు అంకెలు, వాళ్ళకు అక్షరాలు వచ్చాయి. మళ్ళీ పీడీఎఫ్ చేసి, తెరిచి, మొదటి నుంచి చివరి దాకా నాచేత చదివించింది. మా అమ్మ నా పేరు కింద తన చోటికి వచ్చింది.

సోమవారం ఇంకా రాకముందే పక్కింటాయన భార్య పోయింది. పాడెను గేటు ముందు దించాం. కాపలావాడు తాళం తీయలేదు. పొద్దుగూకేదాకా చూసి, చివరికి వ్యానులో హోసూరుకు తీసుకెళ్ళి కాల్చేశాం. ఆ ఇంట్లో మనిషిని కాల్చడం అదే మొదలు.

మరునాడు ఆయన మా అరుగు మీద కూర్చుని, “ఆమె పేరు గూడా నా కింద ఎక్కించప్పా,” అన్నాడు.

అది పూడ్చినవాళ్ళ జాబితా. ఎలా ఎక్కించను? ఆమె పేరు లేకుండానే అర్జీ తీసుకెళ్ళాను. గుమస్తా పేజీలన్నీ తిరగేసి, ఈసారి ఏ తప్పూ లేదన్నాడు.