అరవై నాలుగు కిలోల అబద్ధం

పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండైంది. ఎత్తు పదిహేడు వేల అడుగులకు కాస్త తక్కువ. కింద బేస్ నుంచి రెండున్నర రోజుల నడక. వీపు మీద రేడియో సెట్టు, రెండు బ్యాటరీలు, స్లీపింగ్ బ్యాగు. యుద్ధం అప్పటికి మూడో వారంలో ఉంది. మాది కోహీర్. మంచును ఐస్ గోలా బండి మీద తప్ప చూడనివాణ్ణి. బంకర్ ముందు కూలబడ్డాను. పోస్టు కమాండర్ సుబేదారు నన్ను తేరిపార చూశాడు.

"రేడియో ఆపరేటర్‌ని పంపమంటే పేషెంటును పంపారేంటి?" అన్నాడు హిందీలో.

పోస్టులో నాతో కలిపి పదకొండు మందిమి. రాళ్లు పేర్చి టార్పాలిన్ కప్పిన బంకర్లు రెండు. వాటి వెనక హెలిప్యాడ్. పేరు పెద్దదే గానీ, రాళ్లు ఏరేసి చదును చేసిన చిన్న జాగా అది. మూడు వైపులా లోయ. రోజూ ఉదయం ఆరింటికి చిన్న హెలికాప్టర్ వచ్చి కిరోసిన్, మందుగుండు, ఉత్తరాలు దించేది. ఇంజను ఆపేది కాదు. గాలి ఎటునుంచి వీస్తోందో, తిరిగి ఎక్కించే బరువు ఎంతో పైలట్‌కు చెప్పడం నా పని. అంత ఎత్తులో గాలే పల్చన. పొద్దెక్కేకొద్దీ ఇంకా పల్చనై హెలికాప్టర్ మోయగల బరువు తగ్గిపోతుంది. బరువు మాట అక్కడ ప్రాణాల మాట.

ఐదో రోజో ఆరో రోజో, నా హిందీ విని పైలట్ రేడియోలో తెలుగులోకి దిగాడు.

"మీదేడ తమ్మీ?"

"కోహీర్, సార్."

"అరే! మాది జహీరాబాద్. మా అబ్బాజాన్‌ది బజార్ల గడియారాల దుకాణం. జామకాయలు ఎట్లున్నయ్ ఈసారి?"

"నేనొచ్చేటప్పటికి పూత మీదున్నయ్ సార్."

ఆ రోజు నుంచి రేడియోలో నన్ను పిలిచే కాల్ సైన్ పోయింది. నా పేరు కోహీర్ అయింది. నేను ఆయన్ని పైలట్ సాబ్ అనేవాణ్ణి. ఇంటి నుంచి ఉత్తరం రాని రోజున ఆ రెండు ముక్కల తెలుగే నాకు ఉత్తరం.

ఒకరోజు ఉదయం ఎనిమిదిన్నరకు శత్రువు ఫిరంగుల షెల్లింగ్ మొదలైంది. పావుగంట సాగి ఆగింది. మా మెషిన్ గన్నర్ కడుపులో ఇనుప ముక్క దిగింది. నర్సింగ్ అసిస్టెంట్ కట్టు కట్టి లేచి, "గంటన్నర. అంతకన్నా ఆగడు" అన్నాడు.

నేను రేడియో అందుకున్నాను. తొమ్మిది నలభైకి బేస్ నుంచి పైలట్ సాబ్ గొంతు వినిపించింది.

"కోహీర్, ఎండెక్కింది. ఇప్పుడు అరవై ఐదు కిలోల కంటే ఎక్కువ లేపలేను. మనిషి బరువెంత?"

గన్నర్ మాలో అందరికంటే దిట్టమైనవాడు. ఒళ్లే ఎనభై. బూట్లు, మందపాటి కోటు, రక్తంతో తడిసిన బట్టలు కలిపితే తొంభై దాటుతుంది. నిజం చెబితే హెలికాప్టర్ వెనక్కి తిరుగుతుంది. సుబేదారు వైపు చూశాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

"అరవై నాలుగు, సార్" అన్నాను.

 "వస్తున్న" అన్నాడు.

బూట్లు, కోటు విప్పేశాం. అయినా అరవై నాలుగు ఎక్కడ, ఆ మనిషి ఎక్కడ! హెలికాప్టర్ వచ్చి వాలింది. నలుగురం స్ట్రెచర్ ఎత్తుకుని వంగి పరుగెత్తాం. పైలట్ సాబ్ మమ్మల్నే చూస్తున్నాడు. చటుక్కున తలుపు తీసి పనిముట్ల సంచీ బయటికి విసిరాడు. తర్వాత సీటు దిండు. ఆఖరున ఎర్రటి చాయ్ ఫ్లాస్కు. అది నా కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. ఎండెక్కాక వస్తే ఎప్పుడూ ఇలాగే బరువు తగ్గించుకుంటాడేమో అనుకున్నాను.

హెలికాప్టర్ మోకాలెత్తు లేచింది. వణికింది. ముందుకు జరిగి, లోయ అంచు దాటి, రాయి పడ్డట్టు కిందికి పడిపోయింది. కనిపించలేదు. చప్పుడు కూడా కొండ మింగేసింది.

సెకన్లు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. లోపల ముగ్గురు. ఆయన, పక్క పైలట్, గన్నర్. ముగ్గుర్నీ నేనే చంపాను. పదకొండు దగ్గర రేడియో గరగరలాడింది.

"కోహీర్, ఉన్నవా? మేం ఉన్నం. పోతున్నం."

నేను మంచులో కూర్చుని ఏడ్చాను. సుబేదారు ఫ్లాస్కు మూత తీశాడు. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. మూతతో తలా ఒక గుక్క పోశాడు. బరువు గురించి ఎవరం నోరెత్తలేదు.

గన్నర్ బతికాడు. ఇప్పుడు వాళ్ల ఊళ్లో పిండిమర నడుపుతున్నాడు. పైలట్ సాబ్‌కు వేరే సెక్టార్ పడింది, మళ్లీ కలవలేదు. నాలుగు నెలల తర్వాత నేను కొండ దిగాను. ఫ్లాస్కు నా ట్రంకు పెట్టెలో కోహీర్ చేరింది. ఆయనకు సంగతి తెలియదని, తెలిస్తే నా మొహం చూడడని ఇరవై ఏళ్లు పైగా భయపడ్డాను. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న వాళ్లింటి గడప ఒక్కసారీ తొక్కలేదు.

మొన్న జహీరాబాద్‌లో ఆయనతో చదువుకున్నవాళ్లు ఒక ఫంక్షన్ హాల్లో సన్మానం పెట్టారు. ఎలా పట్టుకున్నారో నా నంబరు పట్టుకున్నారు. రెండు నిమిషాలు మాట్లాడాలన్నారు. ఫ్లాస్కు సంచీలో పెట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర ఫ్లెక్సీ చూసి నవ్వాగలేదు. పైలట్ సాబ్ ఫొటో వెనక బాంబులు వేస్తున్న యుద్ధ విమానం.

"ఆయన నడిపింది హెలికాప్టర్ గదా?" అన్నాను.

"ఎర్కే అన్నా. హెలికాప్టర్ పెడితే ఎలక్షన్ల మీటింగ్ అనుకుంటరు. జనం రారు" అన్నాడు ఫ్లెక్సీ కట్టినతను.

స్టేజీ మీద శాలువా కప్పుకుని పైలట్ సాబ్. జుట్టు తెల్లబడింది, చూపు అదే. నేను పొగుడుదామనే మైకు పట్టుకున్నాను. నోరు వేరే దారి పట్టింది. ఎనభై కిలోల మనిషిని అరవై నాలుగని చెప్పానన్నాను. ఈ ఊరి బిడ్డను నేను చంపబోయానన్నాను.  ముందు వరసలోని పైలట్ సాబ్ భార్య, బేగం గారి వైపు చూడలేకపోయాను.

పైలట్ సాబ్ లేచి వచ్చి మైకు అందుకున్నాడు.

"నాకెర్కే తమ్మీ. కిందోళ్లు చెప్పిన బరువుకు నేను ఎప్పుడూ పదిహేను కిలోలు కలుపుకుంట. తమ మనిషి బతకాలని అందరు తక్కువనే చెప్తరు. అందుకే ఆ రోజు ఆయిల్ సగమే పోసుకొని వచ్చిన."

"మరి మనిషిని చూసినంక కూడ ఎట్ల ఎక్కించుకున్నరు సార్?"

"నలుగురు మోస్తున్నరు, నలుగురి నడుములు వంగిపోయినయ్. అరవై నాలుగు కిలోలకు గంత వంగుతరా? పదిహేను గూడ సాలదని సమజైంది. గందుకే సామాన్లు పారేసిన." శాలువా సర్దుకున్నాడు. "జర భయమైతే అయింది. గింత పెద్ద అబద్ధమాడేటోడు కాదు కోహీర్. ఆడిండంటే ఆ మనిషికి ఇంకో దారి లేదన్నట్టే. గట్లాంటప్పుడు వాపస్ ఎట్ల పోతా?"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నాకేమీ వినపడలేదు. ఇన్నేళ్లుగా గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. నేనాయన్ని మోసం చేశాననుకున్నాను. ఆయన అన్నీ తెలిసే వచ్చాడు. ఫ్లాస్కు తీసి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ నాకే ఇచ్చాడు.

"నువ్వే ఉంచుకో. బరువని గదా పారేసిన!" అని నవ్వి, నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

సాయంత్రం కోహీర్ షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాను. ఒళ్లో ఫ్లాస్కు. డ్రైవర్ "జర జరుగున్రి, ఇంకొకరు పడ్తరు" అంటున్నాడు. ఆటో మూలుగుతూ కదిలింది.

ఎప్పటిలాగే ఆ దృశ్యం కళ్ల ముందుకు వచ్చింది. లోయ అంచు. అవతల ఖాళీ ఆకాశం. తెల్లటి మంచులో ఎర్రటి ఫ్లాస్కు ఒక్కటే దొర్లుకుంటూ నా వైపు వస్తోంది. ఎప్పుడొచ్చినా పదకొండు దాకా లెక్కపెట్టేవాణ్ణి. ఆ సాయంత్రం లెక్కపెట్టలేదు.